చిన్న మార్పు

డులూత్‌లో మనుషులకు కోపం రాదు. వచ్చినా అది చిరునవ్వు రూపంలోనే బయటికి వస్తుంది. ఎవరైనా ఘోరమైన పని చేస్తే "ఇది కాస్త వేరుగా ఉందే" అంటారు. అమెరికాలో, పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో అంతకు మించిన తిట్టు లేదు. అలాంటి చోట యాభై ఏడేళ్ళుగా బతుకుతున్న వెర్నా లెహ్టోకి ఒక బుధవారం మధ్యాహ్నం, ఆఫీసు సమావేశం మధ్యలో, అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కి అక్కడే కూర్చుంది. నోట్లోంచి మాత్రం ఒక్క మాట ఊడిపడలేదు.

ఆవిడది రాతపని. ఆ ఆఫీసు తయారుచేసే సాఫ్ట్‌వేర్ సరస్సు మీద ఇనుప ఖనిజం మోసే ఓడలకు వంతులు కేటాయిస్తుంది. ఏ ఓడ ఏ గంటకు ఏ రేవులోకి రావాలో అది చెప్పాల్సిందే. ఆ సాఫ్ట్‌వేర్‌ను నడిపే ఇంజనీర్లకు డజన్ల కొద్దీ పనిముట్లు ఉంటాయి. ఏ పనిముట్టు ఎలా వాడాలో, దేని తరువాత ఏది చెయ్యాలో ఆఫీసు లోపలి సైటులో పేజీలుగా రాసి ఉంచుతారు. ఆ పేజీలు తప్పుల్లేకుండా, తాజాగా ఉండేలా చూడడమే వెర్నా ఉద్యోగం. ఒకప్పుడు ఈ పనికి ముగ్గురుండేవారు. ఇప్పుడు ఆవిడ ఒక్కతే. పేజీలు నాలుగు వందల పన్నెండు.

పనిముట్టు మార్చేవాడికి పేజీ మార్చమని చెప్పాలని తోచదు. "కోడ్ చూస్తే తెలుస్తుంది కదా" అంటాడు. కోడ్ చూస్తే తెలిసేవాడికి పేజీతో పనేముంది? తెలియనివాళ్ళ కోసమే కదా ఇంత రాత. ఈ ముక్క ఆవిడ పదమూడేళ్ళుగా చెబుతోంది, గోడకు చెప్పుకున్నట్టే ఉంది. వారం వారం ప్రశ్నల జాబితా పంపిస్తుంది. బొటనవేలు బొమ్మ ఒకటి తిరిగి వస్తుంది, జవాబులు రావు.

ఆ మంగళవారం జరిగింది ఇదీ. రోజాన్ పెల్టియర్ అనే ఆవిడకు, కొత్తవాళ్ళు సాధన చేసుకునే సర్వర్‌ను శుభ్రం చేసే పని అప్పగించారు. రోజాన్‌కు నలభై తొమ్మిదేళ్ళు. పంతొమ్మిదేళ్ళు ఆసుపత్రి మందుల విభాగంలో సీసాల మీద చీటీలు సరిచూసి, ఆ విభాగం మూసేశాక కాలేజీకి వెళ్ళి ప్రోగ్రామింగ్ నేర్చుకుని, జూన్‌లో ఇక్కడ చేరింది. ఉద్యోగం ఖాయం చేస్తారో లేదో ఈ శుక్రవారం తేలాలి. ఆవిడ పేజీ తెరిచింది. ఒక్కో మెట్టూ చదివింది, చదివినట్టే చేసింది. నాలుగో మెట్టు చేసిన మరుక్షణం రేవుల తెరల మీద ఓడల వంతులన్నీ మాయమయ్యాయి. వాటిని తిరిగి నిలబెట్టడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ పదకొండు ఓడలు సరస్సులో లంగరు వేసుకుని ఎదురు చూశాయి.

ఎందుకలా అయిందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఆ ఆఫీసులో సర్వర్లకు చెట్ల పేర్లు పెడతారు. అసలు ఓడల వంతులు ఉండేది సీడర్ మీద, కొత్తవాళ్ళు చెయ్యి తిరగడానికి వాడుకునే ఉత్తుత్తి వంతులు ఉండేది బర్చ్ మీద. ఏప్రిల్‌లో ఈ రెంటినీ తారుమారు చేశారు. పాతబడిన సీడర్‌ను సాధనకు దించి, బర్చ్‌ను అసలు పనికి ఎక్కించారు. సంగతి ఇంజనీర్లకు తెలుసు. పేజీకి తెలియదు. నాలుగో మెట్టు దగ్గర "బర్చ్ మీద ఉన్న వంతులన్నీ తుడిచేయండి" అనే రాసి ఉంది. రోజాన్ తుడిచేసింది.

బుధవారం పొద్దున్నే మేనేజర్ క్రెయిగ్ బ్రాండ్‌వోల్డ్ నుంచి వెర్నాకు సందేశం వచ్చింది. ఇంకొకరు ఆ గోతిలో పడకముందే నాలుగో మెట్టు సరిచేయమన్నాడు. న్యాయమైన మాటే. "చిన్న మార్పు" అన్న గడిలో టిక్కు పెట్టమని కూడా అన్నాడు. ఆ గడిలో టిక్కు పెడితే ఎవరికీ మెయిల్ వెళ్ళదు, పేజీ నెత్తి మీద ఉన్న తేదీ కూడా మారదు. అక్షరదోషాలు దిద్దుకోవడానికి పెట్టిన సదుపాయం అది. అందరూ ఇప్పటికే కంగారుగా ఉన్నారు, మళ్ళీ మెయిళ్ళెందుకు అని రాశాడు. వెర్నా తొమ్మిదీ ఇరవైకి బర్చ్ తీసేసి సీడర్ అని రాసింది, టిక్కు పెట్టింది, భద్రం చేసింది. చెప్పిన పని చెప్పినట్టు చేసి కాఫీకి వెళ్ళింది. అంత చదువుకున్న మనిషికి ఆ క్షణాన బుర్ర ఏ గడ్డి మేసిందో ఆవిడకే తెలియాలి.

ఒంటిగంటకు సమావేశం. దాని పేరు "నింద లేని సమీక్ష". ఏదైనా పాడైనప్పుడు అందరూ కూర్చుని ఏం జరిగిందో మాట్లాడుకోవాలి, ఎవరి పేరూ ఎత్తకూడదు. చేసినవాళ్ళను "ఆపరేటర్" అంటారు. మంచి ఉద్దేశంతో పుట్టిన పద్ధతే. భయం లేకపోతే మనుషులు నిజం చెబుతారని దాని లెక్క. భయం ఎవరికి లేకుండా పోయిందన్నది వేరే సంగతి.

క్రెయిగ్ ఆ పేజీని గోడ మీద తెరకు ఎక్కించాడు. పైన పచ్చటి గీత, దాని కింద "చివరిసారి సరిచూసినది: జులై 18". నాలుగో మెట్టు దగ్గరికి వచ్చి వేలు పెట్టి చూపించాడు. సీడర్ అని స్పష్టంగా ఉంది. పద్ధతి సరిగానే ఉందనీ, రెండు నెలల కిందట సరిచూసిన పేజీయేననీ, ఆపరేటర్ రాసి ఉన్నదాని నుంచి పక్కకు తప్పుకున్నట్టు కనిపిస్తోందనీ ఎంతో మెత్తగా అన్నాడు. ఇందులో ఎవరినీ తప్పు పట్టేది లేదని ముగించాడు. చుట్టూ ఉన్న తొమ్మిదిమందీ గంగిరెద్దుల్లా తలలు ఊపారు.

రోజాన్ తెర వంక చూస్తూ ఉండిపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"నేను బర్చ్ అని చదివాను," అంది. మళ్ళీ తెర వంక చూసి, "చదివాననే అనుకున్నాను," అంది.

వెర్నాకు మంట నెత్తికెక్కింది అప్పుడే. పొద్దున తన చేత్తో రాసిన ఆ ఒక్క పదాన్ని పట్టుకెళ్ళి ఈ పెద్దమనిషి ఒక ఆడమనిషి కళ్ళల్లో పొడిచాడు. లేచి చెప్పాలి. "ఆ మాట ఇవాళ పొద్దున నేను రాసింది" అంటే చాలు, ఆరు ముక్కలు. అనలేదు. ఎందుకు అనలేదో తరువాత చాలాసార్లు ఆలోచించుకుంది. తొమ్మిది తలలు ఒక్కసారి ఊగాక పదో తలను అడ్డంగా ఊపడం కష్టమని తనకు తాను సర్ది చెప్పుకుంది. అది నిజం కాదు. అసలు నిజం జులైలో ఉంది.

సమావేశం ముగిశాక క్రెయిగ్ గదికి వెళ్ళింది. ఇతను ఈ ఆఫీసులో శిక్షణకు చేరిన మొదటి రోజున ప్రింటర్ ఎక్కడుందో చూపించింది వెర్నాయే.

"ఆ పేజీ నిన్న అలా లేదు. నువ్వు చెబితే పొద్దున నేను మార్చాను," అంది.

"మార్చారు, మంచిపని చేశారు," అన్నాడు క్రెయిగ్. "ఎవరి పేరూ అనలేదు కదండీ. మన పద్ధతి గొప్పతనమే అది."

"పేరు అనకపోతే ఎవరో తెలియదా? ఆ గదిలో కళ్ళజోడు తుడుచుకున్నది ఒక్కతే."

అతను నవ్వాడు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునే, శుక్రవారం రోజాన్ విషయంలో ఏం చేయాలో పైవాళ్ళే చూసుకుంటారన్నాడు. సమీక్ష మీద రాసే రిపోర్టు రేవుల యజమానులకు వెళ్ళాల్సినది, మన పేజీలన్నీ తాజాగా ఉన్నాయని జులైలో వాళ్ళకు మాట ఇచ్చామన్నాడు. ఆ తరువాత గొంతు ఇంకాస్త మెత్తగా చేశాడు.

"ఆ పేజీ పాత రూపాలు బయటికి తీస్తే ఏప్రిల్ ఒక్కటే కనబడదు వెర్నా. జులై కూడా కనబడుతుంది. మీకు ఇబ్బందవుతుందేమోనని నా బాధ."

వెర్నా తేలు కుట్టిన దొంగలా బయటికి వచ్చింది.

జులైలో జరిగింది ఇదీ. ఆరు నెలలుగా ఎవరూ సరిచూడని పేజీల మీద ఎర్రగీత పడే ఏర్పాటు చేశారు. యజమానుల తరఫున తనిఖీకి వచ్చేవాళ్ళకు ఎర్రగీతలు కనబడకూడదు, ఆ వారం శుక్రవారానికల్లా అన్నీ పచ్చగా ఉండాలన్నాడు క్రెయిగ్. ప్రతి పేజీ అడుగునా "సరిచూశాను" అన్న బటన్ ఉంటుంది. అది నొక్కితే ఎర్రగీత పచ్చగా మారుతుంది. మూడు వందల నలభై పేజీలు, రెండు రోజులు. మొదటి ఇరవై పేజీలు వెర్నా శ్రద్ధగా చదివింది. ఆ తరువాత కళ్ళు మూసుకుని నొక్కుకుంటూ పోయింది. ఇప్పుడు క్రెయిగ్ గది నుంచి సీటుకు తిరిగివచ్చి ఆ పేజీ పాత రూపాలు తీసి చూసుకుంది. వాటిని చూసే హక్కు మేనేజర్లకూ తనకూ మాత్రమే ఉంది. జులై 18, పదకొండు గంటల ఆరు నిమిషాలు, వెర్నా లెహ్టో, సరిచూశాను. అదే నిమిషంలో ఇంకో ఎనిమిది పేజీలు. ఒక్క నిమిషంలో తొమ్మిది పేజీలు ఏ మహానుభావురాలు చదువుతుంది? బొటనవేళ్ళు పంపే ఇంజనీర్లను పదమూడేళ్ళు తిట్టుకున్న మనిషి తానూ అదే పని చేసింది. క్రెయిగ్ మీద కోపం ఎటూ పోలేదు గానీ, దాని పక్కనే ఇంకొకటి వచ్చి చేరింది. రెండోదే ఎక్కువ కాల్చింది.

రెండూ నలభైకి వంటగదిలోకి వెళితే రోజాన్ ఉంది. బల్ల మీద రబార్బ్ అనే పుల్లటి కాడలతో కాల్చిన తీపి బార్ల ట్రే, పక్కన "అందరినీ ఇబ్బంది పెట్టాను, క్షమించండి" అని చీటీ. నిన్న సాయంత్రం ఇంటికెళ్ళి కాల్చి తెచ్చిందట. పదకొండు ఓడలను ఆపించినవాళ్ళు హాయిగా కూర్చుని ఉంటే, చెప్పిన పని చెప్పినట్టు చేసిన మనిషి పిండి కలిపి, వెన్న రాసి, క్షమాపణ కాల్చి తెచ్చింది. ఆ ట్రే ఎత్తి గోడకేసి కొట్టాలన్నంత ఒళ్ళు మండింది వెర్నాకు. రోజాన్ ఒక ముక్క కాగితం రుమాలులో పెట్టి ఇచ్చింది. తీసుకుంది.

"కళ్ళ డాక్టరుకు ఫోన్ చేశానండీ," అంది రోజాన్. "సోమవారం రమ్మన్నారు. పంతొమ్మిదేళ్ళు సీసాల మీద చీమ తలకాయంత అక్షరాలు చదివాను. ఒక్కటంటే ఒక్కటి తప్పు పోలేదు. ఇప్పుడు బర్చ్‌కీ సీడర్‌కీ తేడా కనబడకపోతే ఎలా? ఆసుపత్రిలో కూడా ఎప్పుడైనా ఇలాగే చదివానేమో, నాకు తెలియకుండా ఎవరికైనా ఏదైనా అయిందేమో అని మధ్యాహ్నం నుంచీ ఒకటే గుబులు."

వెర్నా నోట్లో బార్ ముక్క ఉంది. అదొక సాకు. ఈలోగా ఇద్దరు ఇంజనీర్లు కాఫీ కోసం వచ్చారు, అది ఇంకో సాకు. "అలా ఏమీ అయి ఉండదులే" అని గొణిగి, మిగతా ముక్క చేత్తో పట్టుకుని వచ్చేసింది.

బుధవారం సాయంత్రం లెహ్టోల ఇంట్లో సౌనా, అంటే ఆవిరిస్నానం. తాతల నాటి నుంచీ వస్తున్న అలవాటు. చెక్కగదిలో వేడిరాళ్ళ మీద వెర్నా గరిటె తరువాత గరిటె నీళ్ళు పోసింది. ఆవిరికి తట్టుకోలేక భర్త మధ్యలోనే లేచి వెళ్ళిపోయాడు. ఈ క్రెయిగ్‌ను రాళ్ళ పక్కన కూర్చోబెట్టాలనుకుంది. ఏప్రిల్‌లో సర్వర్లు మార్చి చెప్పకుండా ఊరుకున్నవాడిని కూడా కూర్చోబెట్టాలనుకుంది. వేడి అన్నిటికన్నా ఎక్కువగా తగిలే పై బల్ల మీద ఎవరుండాలో ఆవిడకు తెలుసు. ఇంత వయసొచ్చి, రాతనే నమ్ముకుని బతికి, తను రాసిన పేజీని నమ్మిన ఒకే ఒక్క మనిషిని నట్టేట ముంచింది. ఆ ఆఫీసులో పేజీ మొత్తం చదివి, రాసినట్టే చేసే మనిషి పదమూడేళ్ళలో రోజాన్ తప్ప ఇంకొకరు రాలేదు. వచ్చిన ఒక్కరినీ పంపించేస్తున్నారు.

గురువారం పదింటికి రిపోర్టు ఖరారు చేయాలి. రిపోర్టు కూడా ఆ సైటులో ఒక పేజీయే. పేజీలు సరిచేయడం వెర్నా ఉద్యోగమే. ఎనిమిదింటికి వచ్చి కూర్చుని, "ఆపరేటర్ పద్ధతి నుంచి పక్కకు తప్పుకోవడం" అన్న పేరా మొత్తం తీసేసింది. దాని స్థానంలో ఇలా రాసింది.

"ఏప్రిల్ 9: బర్చ్, సీడర్ సర్వర్లను ఇంజనీర్ లైల్ ఆస్టడ్ తారుమారు చేశారు. పేజీ మార్చమని ఎవరూ చెప్పలేదు. జులై 18, 11.06: వెర్నా లెహ్టో ఈ పేజీని చదవకుండానే సరిచూసినట్టు నొక్కారు. ఆ నిమిషంలోనే ఇంకో ఎనిమిది పేజీలు నొక్కారు. అన్నీ శుక్రవారానికి పచ్చగా ఉండాలని చెప్పినది క్రెయిగ్ బ్రాండ్‌వోల్డ్. సెప్టెంబర్ 16, 10.15: రోజాన్ పెల్టియర్ పేజీలో ఉన్నది ఉన్నట్టు చేశారు. పేజీలో బర్చ్ అనే ఉంది. సెప్టెంబర్ 17, 9.20: క్రెయిగ్ చెప్పగా వెర్నా దాన్ని సీడర్ అని మార్చారు. చిన్న మార్పుగా గుర్తు పెట్టడం వల్ల తేదీ మారలేదు, ఎవరికీ తెలియలేదు. అదే రోజు సమావేశంలో చూపించినది మార్చిన పేజీ."

పాత రూపాల నకళ్ళు కింద అంటించింది. ఈసారి ఏ గడిలోనూ టిక్కు పెట్టలేదు. ఆఫీసులో రెండు వందల మందికి ఒకేసారి మెయిల్ వెళ్ళింది.

పదింటికి గదిలో ఎవరూ ఎవరి మొహం చూడలేదు. రిపోర్టులో పేర్లు రాయడం మన సంప్రదాయం కాదని క్రెయిగ్ మొదలుపెట్టాడు. చిరునవ్వు అలాగే ఉంది గానీ చెవులు ఎర్రబడ్డాయి. ఇది కాస్త వేరుగా ఉందన్నాడు. పేర్లు తీసేసి మళ్ళీ రాద్దామన్నాడు.

వెర్నా గొంతు ఆ గదిలో ఇంతకుముందు ఎవరూ విననంత పెద్దగా వచ్చింది.

"తీసెయ్యి. అందరివీ తీసెయ్యి. తీసేశాక రేపు సాయంత్రం పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్ళేది ఎవరో చెప్పు. నువ్వా, నేనా, లైల్ ఆస్టడా? పేరు లేదు కాబట్టి నింద లేదంటావా? నింద లేకుండా ఉద్యోగం పీకే పద్ధతి కనిపెట్టినందుకు నీకు దణ్ణం పెట్టాలి."

మూల కుర్చీలోంచి లైల్ ఆస్టడ్ గొంతు సవరించుకున్నాడు. ఏప్రిల్‌లో మార్చింది తనేనని, వెర్నాకు చెబుదామనుకుంటూనే మరిచిపోయానని నేల చూస్తూ చెప్పాడు. రిపోర్టు అలాగే ఉండిపోయింది. అప్పటికే రెండు వందల మంది చదివిన దాన్ని చెరిపే మార్గం క్రెయిగ్‌కు లేదు.

మూడింటికి రోజాన్ ఉద్యోగం ఖాయమని కబురు వచ్చింది. వెర్నా సంగతి వచ్చే వారం కూర్చుని మాట్లాడదామని క్రెయిగ్ ఎంతో మర్యాదగా చెప్పి వెళ్ళాడు. ఆ మర్యాదకు అర్థమేమిటో ఆవిడకు తెలుసు. అయినా రెండు రోజుల తరువాత మొదటిసారి కాస్త ఊపిరి ఆడినట్టనిపించింది. రోజాన్ వస్తుందని ఎదురు చూసింది. కృతజ్ఞతలు చెబితే ఏమనాలో కూడా అనుకుని పెట్టుకుంది, అంత దాకా వెళ్ళింది.

రోజాన్ నాలుగింటికి వచ్చింది. చేతిలో రిపోర్టు, అచ్చు తీసిన కాగితం. కూర్చోలేదు.

"ఇందులో ఒకటి తప్పిపోయింది," అంది.

వెర్నా కాగితం అందుకుని తేదీలు చూసింది. అన్నీ ఉన్నాయే అంది.

"పదిహేడో తారీఖు, రెండూ నలభై," అంది రోజాన్. "వంటగది. కళ్ళ డాక్టరు సంగతి నీకు చెప్పినప్పుడు. అప్పటికి నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"నిన్న మధ్యాహ్నం నుంచి ఇవాళ పొద్దున మెయిల్ వచ్చేదాకా నేను ఏం చేశానో తెలుసా? పంతొమ్మిదేళ్ళలో నా చేతి మీదుగా వెళ్ళిన పేర్లు గుర్తు తెచ్చుకుంటూ కూర్చున్నాను. పసిపిల్లల వార్డు పేర్లు. ఎవరి సీసా తప్పు చదివి ఉంటానా అని. క్రెయిగ్ సంగతి వదిలెయ్. అతను అంతే. నువ్వు నా పక్కన నిలబడి తింటున్నావు."

వెర్నా క్షమించమని అడగబోయింది. రోజాన్ చెయ్యెత్తి ఆపింది.

"అది వద్దు. అందరివీ నిమిషాలతో సహా రాశావు. అది కూడా రాయి."

వెర్నా పేజీ తెరిచింది. తొమ్మిదీ ఇరవై కింద ఇంకో వరుస చేర్చింది. "సెప్టెంబర్ 17, 2.40: రోజాన్ పెల్టియర్ తన చూపును అనుమానిస్తున్నారని వెర్నా లెహ్టోకు తెలిసింది. నిజం తెలిసి కూడా చెప్పలేదు." ఒక అక్షరం తప్పు పడింది, దిద్దింది. రోజాన్ వెనక నిలబడి ప్రతి పదమూ చదివింది. భద్రం చేసేదాకా కదల్లేదు. రెండు వందల మందికి మెయిల్ వెళ్ళింది. రోజాన్ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, రేపు కలుద్దామని కూడా అనకుండా తన సీటుకు వెళ్ళిపోయింది.